ఫోన్ ఉండగా జేబు కెమెరా ఎందుకు?

ప్రశ్న: మా పాపకి ఏడాదిన్నర. పుట్టినప్పటి నుంచీ ఫోన్‌తోనే వీడియోలు తీస్తున్నాను. ఈమధ్య ఎప్పుడు చూసినా స్టోరేజ్ నిండిపోయిందనే అంటోంది. పాప ఏదో ముద్దుగా చేస్తున్నప్పుడే ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు, రికార్డింగ్ ఆగిపోతుంది. మా అమ్మమ్మకి ఎనభై దాటాయి. ఆవిడ పాడే పాటలు, చెప్పే పాత సంగతులు కూడా తీసి దాచుకోవాలని ఉంది. జేబులో పట్టే చిన్న వీడియో కెమెరా కొందామంటే, చేతిలో ఫోన్ ఉండగా ఇంకోటి ఎందుకంటున్నారు మావారు. గింబల్ (కెమెరాని మోటార్లతో వణక్కుండా పట్టుకునే అమరిక) ఉన్నది మంచిదా, యాక్షన్ కెమెరా (ఆటల్లో, నీళ్ళలో వాడే గట్టి చిన్న కెమెరా) మంచిదా అన్నదీ తేలడం లేదు. రివ్యూలు చూస్తే అన్నీ బాగున్నాయనే అనిపిస్తోంది. మా ఆడపడుచు తన గింబల్ కెమెరా వారం రోజులు వాడి చూడమని ఇస్తానంది. ఆ వారంలో నేను ఏం చూడాలి?
– ఒక పాఠకురాలు

సమాధానం: ముందు మీవారి మాట సంగతి చూద్దాం. అది ఆయన ఒక్కరి ప్రశ్నే కాదు, ఒకప్పుడు ఈ కెమెరాల వ్యాపారాన్నే ముంచేసిన ప్రశ్న. 2007లో ఫ్లిప్ అల్ట్రా అని ఒక జేబు కెమెరా వచ్చింది, ప్యూర్ డిజిటల్ అనే కంపెనీది. వెనక ఒక పెద్ద ఎర్ర బటన్, పక్క నుంచి బయటికొచ్చే యూఎస్‌బీ ప్లగ్, అంతే. సెట్టింగులు దాదాపు లేవు. 640×480 బొమ్మ, 2 జీబీ మెమరీలో గంట వీడియో. అప్పటి లెక్కలో కూడా అది గొప్ప బొమ్మేం కాదు. అయినా జనం ఎగబడి కొన్నారు. తియ్యాలనిపించిన క్షణానికి అది సిద్ధంగా ఉండేది, తీసింది కంప్యూటర్‌లోకి తేలిగ్గా వెళ్ళేది. 2009లో నెట్‌వర్క్ పరికరాలు చేసే సిస్కో ఆ కంపెనీని కొనేసింది. అదే ఏడాది ఐఫోన్ 3జీఎస్‌తో ఆపిల్ ఫోన్లలోకీ వీడియో రికార్డింగ్ వచ్చింది. 2011 ఏప్రిల్‌లో సిస్కో ఫ్లిప్ వ్యాపారాన్నే మూసేసింది.

కాబట్టి ఫోన్ కంటే కాస్త బాగా తీసినంత మాత్రాన జేబు కెమెరా నిలబడదు. ఫోన్ చెయ్యలేని పని, అదీ మీకు తరచుగా పడే పని, ఒక్కటైనా చెయ్యాలి. లేకపోతే మొదటి సరదా తీరగానే అల్మరాలోకి చేరుతుంది. మీ ఉత్తరంలో అలాంటి పని ఉందా అని వెతికాను. మీరు చెప్పిన రెండు ఇబ్బందుల్లో మాత్రం అది లేదు. కాల్ వస్తే వీడియో ఆగుతోందంటే, తీసే ముందు ఫ్లైట్ మోడ్ పెట్టండి, ఆగదు. స్టోరేజ్ నిండుతోందంటే, నెలకోసారి వీడియోలన్నీ హార్డ్ డిస్క్‌లోకి మార్చే అలవాటు చేసుకోవాలి. ఆ అలవాటు లేకపోతే కెమెరా కార్డు కూడా అలాగే నిండుతుంది. కొత్త కెమెరా ఆ బద్ధకాన్ని తగ్గించదు, ఇంకా పెంచుతుంది కూడా. దాని లెక్క తర్వాత చెబుతాను.

మరి కెమెరా పనికొచ్చేది ఎక్కడంటే, మీరు రాయకుండా వదిలేసిన చోట. సాయంత్రం ఏడు దాటాక, ఒకే ఒక్క లైటున్న గదిలో, ఒక చంకలో టవలో పాల సీసానో పెట్టుకుని, రెండో చేత్తో పరిగెత్తే పాపని తీయడం. చిన్నపిల్లల వీడియోల్లో చాలా భాగం ఇలాగే తీస్తాం. రివ్యూల్లో అన్నీ బాగున్నాయనిపించడానికి కారణం, వాటిలో సగం ఎండలో తీసినవి కావడమే. ఎండలో ఏ కెమెరా అయినా బాగానే తీస్తుంది, మీ ఫోన్‌తో సహా. కాబట్టి మీ వారం రోజుల పరీక్షలో పగటి వీడియోలు చూసి మురిసిపోకండి. రాత్రివే చూడండి.

రాత్రి వీడియోని చెడగొట్టేవి రెండు. ఒకటి వెలుతురు చాలకపోవడం, రెండు చెయ్యి కదలడం. మొదటిదానికి సెన్సర్, అంటే కెమెరాలో వెలుతురు పట్టే చిప్, పెద్దదిగా ఉండాలి. డీజేఐ వాళ్ళ గింబల్ కెమెరా ఆస్మో పాకెట్ 3, సోనీ జెడ్‌వీ-1 లాంటి వాటిలో ఉండేది ఒక అంగుళం రకం సెన్సర్. పేరు చూసి నిజంగా అంగుళం అనుకోకండి, 13.2×8.8 మిల్లీమీటర్లు ఉంటుంది. పాత చిన్న కెమెరాల్లో ఎక్కువగా వాడిన 1/2.3 అంగుళాల సెన్సర్‌తో పోలిస్తే వైశాల్యంలో నాలుగు రెట్లు. అంటే అంత ఎక్కువ వెలుతురు పట్టుకుంటుంది. ఇక్కడ ఒక మాట. ఈమధ్య వచ్చిన ఖరీదైన ఫోన్లలో మెయిన్ కెమెరా సెన్సర్లు కూడా బాగా పెద్దవయ్యాయి. మీ ఫోన్ అలాంటిదైతే బొమ్మ నాణ్యతలో పెద్ద తేడా కనిపించకపోవచ్చు. పాత ఫోనైతే తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

రెండోదే అసలు విషయం. ఫోన్లూ యాక్షన్ కెమెరాలూ వణుకుని చాలావరకు లెక్కలతో సరిచేస్తాయి. బొమ్మ అంచుల్ని కొంచెం కత్తిరించి, మిగిలినదాన్ని అటూ ఇటూ జరిపి, కదలనట్టు చూపిస్తాయి. ఎండలో ఇది అద్భుతంగా పనిచేస్తుంది. యాక్షన్ కెమెరాలు చేసే గోప్రో 2018లో హీరో 7లో తెచ్చిన ఇలాంటి సదుపాయం హైపర్‌స్మూత్ చూసి అప్పట్లో అందరూ ఇక గింబల్ పని అయిపోయిందన్నారు. కానీ వెలుతురు తగ్గితే కెమెరా ఒక్కో ఫ్రేముకీ షట్టర్‌ని ఎక్కువసేపు తెరిచి ఉంచాలి. ఆ కాసేపట్లో చెయ్యి కదిలితే ఫ్రేము లోపలే బొమ్మ అలుక్కుపోతుంది. అలుక్కుపోయిన బొమ్మని ఎంత జరిపినా అలుకు పోదు. పైగా ఫ్రేము నిలకడగా ఉండి, లోపలి బొమ్మ మాత్రం ఉండుండి మసకబారుతూ ఉంటే కంటికి ఇంకా ఎబ్బెట్టుగా ఉంటుంది. గింబల్ అలా కాదు. చిన్న మోటార్లు లెన్స్‌నే కదలకుండా పట్టుకుంటాయి కాబట్టి అలుకు అసలు పడదు, మీ చెయ్యి వణికినందువల్ల పడే అలుకు మటుకు. పాప పరిగెత్తినందువల్ల పడేది గింబల్‌తోనూ పడుతుంది. దానికి మందు ఇంకో లైటు వెయ్యడమే.

మీరు గింబలా, యాక్షన్ కెమెరానా అని అడిగారు. ఇంట్లో, రాత్రి, నడుస్తూ తీసేదే ఎక్కువైతే గింబల్. నా ఓటు అటే. యాక్షన్ కెమెరా బలాలు వేరు. గోప్రో హీరోలు మామూలుగా 10 మీటర్ల లోతు నీళ్ళ దాకా తట్టుకుంటాయి, కింద పడినా ఓర్చుకుంటాయి, బ్యాటరీ తీసి ఇంకోటి వేసుకోవచ్చు. పాప టబ్‌లో నీళ్ళు కొడుతుంటే, సముద్రం ఒడ్డున ఇసుకలో ఆడుతుంటే గింబల్ కెమెరాని దగ్గరికి తీసుకెళ్ళడానికి మీకు చెయ్యి రాదు. రాకూడదు కూడా. అందులో మోటార్లున్నాయి, తడీ ఇసుకా వాటికి పడవు. ఏడాదిన్నర పిల్లకి ఆ తిరిగే తలకాయ పెద్ద ఆకర్షణ అన్న సంగతి కూడా గుర్తుంచుకోండి. ముఖాన్ని వెంబడించే మోడ్ పెడితే అది పాప ఎటు వెళ్తే అటు తిరుగుతుంది. కొందరు పిల్లలు జడుసుకుంటారు, ఎక్కువమంది పట్టుకుని విరిచే ప్రయత్నం చేస్తారు. మీ పాప ఏ రకమో మొదటి పూటే తెలిసిపోతుంది, అదీ ఆడపడుచు కెమెరాతో. కాస్త జాగ్రత్త.

యాక్షన్ కెమెరాలతో ఇంకో ఇబ్బంది ఉంది, పెద్దగా ఎవరూ చెప్పరు. వాటిలో చాలావాటికి ఫోకస్ మార్చుకునే శక్తి ఉండదు, ఒకేచోట బిగించి ఉంటుంది. అడుగు దూరం లోపలున్న వస్తువు మసగ్గా వస్తుంది. పాప తన బొమ్మని లెన్స్ దగ్గరికి తెచ్చి చూపిస్తే బొమ్మ మసక, వెనక గోడ స్పష్టం. అమ్మమ్మ చేతి ముడతలు దగ్గర్నుంచి తీద్దామన్నా అంతే. ఆటోఫోకస్ ఉన్న కెమెరాలకి ఈ సమస్య తక్కువ. మీకొచ్చిన కెమెరాతో ఒక పని చేయండి: ముఖం ఫ్రేములో ఉండగా చేతిలో వస్తువు ముందుకు తెచ్చి, మళ్ళీ వెనక్కి తీయండి. ఫోకస్ వస్తువు మీదికి వెళ్ళి తిరిగి ముఖం మీదికి రావడానికి ఎంతసేపు పడుతోంది, మధ్యలో ఎన్నిసార్లు తడబడుతోంది చూడండి.

జెడ్‌వీ-1 లాంటి కెమెరాల సంగతి కూడా ఒక ముక్క చెప్పాలి, ఎందుకంటే షాపుల్లో అవీ చూపిస్తారు. 2020లో వచ్చింది, బరువు 294 గ్రాములు, దాదాపు మూడు రెట్ల నిజమైన లెన్స్ జూమ్ ఉంటుంది, బయటి మైక్ పెట్టుకునే రంధ్రం ఉంటుంది. ఒకచోట కూర్చుని మాట్లాడే వీడియోలకీ ఫోటోలకీ బాగుంటుంది. నడుస్తూ తీస్తే గింబల్‌కి సాటి రాదు. స్కూలు స్టేజి మీద పాప డాన్సు వెనక వరసలోంచి తీయాలన్నదే మీ కోరికైతే, ఇప్పుడు మనం మాట్లాడుకున్నవేవీ పనికిరావు. దానికి ఎక్కువ జూమ్ ఉన్న పాత తరహా హ్యాండీక్యామే మేలు. కానీ ఏడాదిన్నరకి ఇంకా ఆ అవసరం రాలేదు కదా.

ఇక ఆ వారం సంగతి. మొదటి రోజు మీరు ఏమీ పరీక్షించకండి, ఊరికే వాడండి. చూడాల్సింది ఒకటే: పాప ఏదో చేస్తోందని గమనించిన క్షణం నుంచి ఎర్ర చుక్క వెలిగేదాకా ఎంతసేపు పడుతోంది. ఆస్మో పాకెట్ 3లో తెర తిప్పితే చాలు, కెమెరా ఆన్ అవుతుంది. కావాలంటే తిప్పగానే రికార్డింగ్ మొదలయ్యేలా కూడా పెట్టుకోవచ్చు. కానీ దాని ముందు కథ ఒకటుంటుంది: కెమెరా ఏ గదిలో ఉంది, కవర్‌లో ఉందా, చార్జింగ్ ఉందా, కార్డు లోపల ఉందా లేక నిన్న కంప్యూటర్‌లో పెట్టి మర్చిపోయామా. ఫోన్‌కి ఈ గొడవలేవీ లేవు, అది ఎలాగూ పక్కనే ఉంటుంది. ఈ పోటీలో కెమెరా ఓడిపోతే మిగతా గొప్పలన్నీ వృథా. 179 గ్రాముల వస్తువు నిజంగా మీ జేబులో ఉంటోందా? ఆడవాళ్ళ బట్టలకి పెట్టే జేబుల సంగతి మీకు తెలియంది కాదు. జేబు లేకపోతే రోజంతా ఎక్కడ పెడుతున్నారు? పాపకి అందకుండా ఎత్తులో పెడితే మీకూ అందదు.

అయితే దీనికి ఇంకో వైపు కూడా ఉంది. ఆ వయసు పిల్లలకి ఫోన్ కనిపిస్తే చాలు, చేస్తున్న ఆట మానేసి దానికోసం వచ్చేస్తారు. మీరు తీయాలనుకున్నది అక్కడితో సరి. కెమెరాలో పాటలూ కార్టూన్లూ ఉండవని వాళ్ళకి రెండు మూడు రోజుల్లో అర్థమైపోతుంది, ఆ తర్వాత దాని జోలికి పెద్దగా రారు. మీరు కూడా వీడియో తీయడానికి ఫోన్ పట్టుకుని, వచ్చిన మెసేజ్‌లోకి జారిపోయే ప్రమాదం ఉండదు. నన్నడిగితే చిన్నపిల్లలున్న ఇంట్లో వేరే కెమెరా ఉండాలనడానికి సెన్సర్ కంటే ఇదే బలమైన కారణం. ఏ రివ్యూలోనూ కనిపించదు.

రెండో రోజు నుంచి రాత్రి పూట తీయండి. ఫోన్‌తో ఒకటి, వెంటనే కెమెరాతో ఒకటి, అదే గది, అదే లైటు. రెండిటినీ పెద్ద తెర మీద చూడండి, కెమెరా మీదున్న రెండంగుళాల తెర మీద అన్నీ అందంగానే కనిపిస్తాయి. తీసే ముందు రెండు సెట్టింగులు సరిచూసుకోండి. ఒకటి, సెకనుకి 60 ఫ్రేములు అని ఉంటే 30కో 25కో తగ్గించండి. 60 పెడితే ఒక్కో ఫ్రేముకి దొరికే సమయం సెకనులో అరవయ్యో వంతు దాటదు. 30 పెడితే దానికి రెట్టింపు వెలుతురు అందుతుంది. ఎక్కువ అంకె ఉంటే మంచిదేమో అనుకుని 60లో వదిలేసి, రాత్రి బొమ్మ మట్టిమట్టిగా వస్తోందని కెమెరాని తిట్టేవాళ్ళు చాలామంది. రెండు, మెనూలో యాంటీ ఫ్లికర్ అని ఉంటుంది. మీ దేశంలో కరెంటు 50 హెర్ట్జ్ అయితే 50, అమెరికాలోలా 60 అయితే 60 పెట్టుకోండి. మామూలు లైట్లు కరెంటు వేగానికి రెట్టింపు సార్లు మినుకుతాయి. మన కంటికి తెలియదు గానీ కెమెరాకి తెలుస్తుంది, తెర మీద చారలు పాకుతాయి.

డీ-లాగ్, ఎస్-లాగ్ లాంటి పేర్లున్న రంగుల మోడ్‌లు కనిపిస్తాయి. వాటి జోలికి వెళ్ళకండి. అందులో తీసిన వీడియో వెలిసిపోయినట్టు ఉంటుంది, తర్వాత కూర్చుని రంగులు దిద్దుకోవాలి. పాపని నిద్రపుచ్చాక మీకు మిగిలే సమయంలో చేసే పని కాదది.

నడిచేటప్పుడు ఒక సంగతి గమనించండి. గింబల్ ఒరగడాన్నీ తిరగడాన్నీ సరిచేస్తుంది గానీ, అడుగు వేసినప్పుడల్లా మీ ఒళ్ళు పైకీ కిందికీ ఊగడాన్ని ఆపలేదు. తల మీద నీళ్ళ బిందె పెట్టుకున్నట్టు మోకాళ్ళు కొంచెం వంచి మెల్లగా నడిస్తే బాగా వస్తుంది. పాప వెనక పరిగెడుతూ అలా నడవగలరా అంటే, ప్రయత్నించండి, కాసేపు నవ్వుకోవచ్చు.

ఇప్పుడు అమ్మమ్మగారి దగ్గరికి వద్దాం. ఇక్కడ నాకు కొంచెం తొందరగా ఉంది, మీకూ ఉండాలి. ఎనభై దాటిన మనిషి పాటలు రికార్డు చేయడానికి కెమెరా ఎంపిక అయ్యేదాకా ఆగకండి. ఈ ఆదివారమే ఫోన్‌తో మొదలుపెట్టండి. ఆ వీడియోల్లో బొమ్మ కొంచెం మసగ్గా ఉన్నా ఇరవై ఏళ్ళ తర్వాత ఎవరూ పట్టించుకోరు. మాట వినపడకపోతే మాత్రం ఎవరూ ఏమీ చెయ్యలేరు.

మాట బాగా రావాలంటే మైక్ నోటికి దగ్గరగా ఉండాలి. దూరం రెట్టింపైతే శబ్దం 6 డెసిబెల్స్ తగ్గుతుంది. కెమెరాని రెండు మీటర్ల అవతల ట్రైపాడ్ మీద పెడితే దాని మైక్‌కి అమ్మమ్మ గొంతూ, ఫ్యాన్ హోరూ, పక్క గదిలో టీవీ అన్నీ ఒకే వరసలో వినిపిస్తాయి. ఆవిడ గొంతు చిన్నదైతే కెమెరా తనంతట తానే మైక్ సౌండ్ పెంచుతుంది. ఆవిడ ఆగి ఆలోచించుకునే ప్రతిసారీ ఫ్యాన్ హోరు పైకి లేస్తుంది. అదే ఒక చిన్న కాలర్ మైక్ చీర కొంగుకి, గడ్డానికి జానెడు కింద తగిలిస్తే ఈ గొడవంతా సగానికి పైగా పోతుంది. కొంగు మైక్‌కి రాసుకుంటే బరబర శబ్దం వస్తుంది, అది ఒక్కటి చూసుకోండి. వైర్ లేని కాలర్ మైకులు ఇప్పుడు ఫోన్లకీ పనిచేస్తాయి, కెమెరాలకీ పనిచేస్తాయి. కాబట్టి కెమెరా కొన్నా కొనకపోయినా మైక్ కొనడం దండగ కాదు. నేనైతే మైకే ముందు కొంటాను.

రికార్డింగ్ ముందు ఫ్యాన్, ఏసీ ఆపండి. ఒక్క నిమిషం తీసి, ఇయర్‌ఫోన్ పెట్టుకుని విని, అప్పుడు అసలు పని మొదలుపెట్టండి. కెమెరాని ఆవిడ కంటి ఎత్తులో పెట్టి మీరు దాని పక్కన కూర్చోండి. ఆవిడ చూపు మీ మీద ఉండాలి, లెన్స్ మీద కాదు. ముఖాన్ని వెంబడించే మోడ్ ఆపేయండి, కదిలే కెమెరాని చూస్తూ పెద్దవాళ్ళు మాట మర్చిపోతారు. గంటసేపు తీయాలనుకుంటే వేడి కూడా చూడాలి. చిన్న పెట్టెలో పెద్ద పని చేసే కెమెరాలు 4కే (బాగా ఎక్కువ స్పష్టత) లో చాలాసేపు నడిస్తే వేడెక్కి ఆగిపోయే అవకాశం ఉంది. మాటల వీడియోకి 4కే అక్కర్లేదు, అంతకంటే తక్కువ స్పష్టత ఉన్న 1080 చాలు. ఆడపడుచు కెమెరాని ట్రైపాడ్ మీద పెట్టి, గదిలో మామూలుగా ఉండే వేడిలో, బ్యాటరీ అయిపోయేదాకా ఒకసారి నడిపించి చూడండి. ఆస్మో పాకెట్ 3కి కంపెనీ చెప్పే లెక్క 166 నిమిషాలు, కానీ అది 1080లో, సెకనుకి 24 ఫ్రేములతో, అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు. దాని బ్యాటరీ లోపల బిగించినది, మార్చలేం. కొన్నేళ్ళు వాడాక బ్యాటరీ బలం తగ్గితే బయటి పవర్ బ్యాంకే దిక్కు. వాడినదో రెండేళ్ళ పాతదో కొనాలనుకుంటే ఇది ముఖ్యంగా అడగాల్సిన ప్రశ్న.

ఇందాక బద్ధకం లెక్క చెబుతానన్నాను. 4కే వీడియో సెకనుకి 100 మెగాబిట్ల చొప్పున తీస్తే నిమిషానికి 750 ఎంబీ, గంటకి 45 జీబీ అవుతుంది. రోజూ పది నిమిషాలు తీశారనుకోండి, ఏడాదికి 2,700 జీబీ పైన. మామూలుగా ఇళ్ళలో ఉండే 2 టీబీ హార్డ్ డిస్క్ పాప మూడో పుట్టినరోజు రాకముందే నిండిపోతుంది. 1080లో 30 మెగాబిట్లతో తీస్తే అదే పది నిమిషాలకి ఏడాదికి 820 జీబీ చాలు. రోజువారీ అల్లరికి 1080, పుట్టినరోజుకీ పండగలకీ 4కే, ఇలా పంచుకోండి. మెమరీ కార్డు మీద వీ30 అని గుర్తుండాలి. సెకనుకి కనీసం 30 ఎంబీ రాయగలదని దాని అర్థం, మన పనికి కావలసింది 12.5 ఎంబీ మాత్రమే (100 మెగాబిట్లంటే అంతే). కార్డుల్లో నకిలీలు ఎక్కువ. 256 జీబీ అని రాసి ఉంటుంది, లోపల 32 ఉంటుంది, నిండాక పాత వీడియోల మీదే కొత్తవి రాసేస్తుంది. కొన్న రోజే కార్డు మొత్తం నింపి, తిరిగి కంప్యూటర్‌లోకి తీసి చూస్తే బయటపడుతుంది. హెచ్2టెస్ట్‌డబ్ల్యు అనే చిన్న ఉచిత ప్రోగ్రాం ఈ పని చేసిపెడుతుంది.

వారంలో కనీసం ఒక్కసారి వీడియోలు కెమెరాలోంచి తీసి, మీ కంప్యూటర్‌లో వేసి, ఒకదాన్ని కత్తిరించి, కుటుంబం గ్రూపులో పెట్టేదాకా మొత్తం పని చేసి చూడండి. చాలామంది ఈ అంచె పరీక్షించరు, కెమెరా మూలపడేది ఇక్కడే. పాత కంప్యూటర్ అయితే హెచ్‌ఈవీసీ రకం (వీడియోని ఎక్కువగా కుదించే కొత్త పద్ధతి) ఫైళ్ళు ఆగి ఆగి ఆడతాయి. అలా అయితే కెమెరా మెనూలో పాత పద్ధతి హెచ్.264 ఉందేమో చూసి అది పెట్టుకోండి. పొడుగు వీడియోలని కొన్ని కెమెరాలు ముక్కలు చేసి దాస్తాయి. గోప్రోలో ఒకే వీడియో జీఎక్స్010023, జీఎక్స్020023 అని రెండు ఫైళ్ళయి, పేర్ల వరసలో ఎక్కడెక్కడో కూర్చుంటుంది. రెండో ముక్క ఏదో వేరే వీడియో అనుకుని పొరపాటున చెరిపేసే ప్రమాదం ఉంది. ఇంకో చిన్న విషయం: కెమెరాలో తేదీ సరిగ్గా ఉందో లేదో చూడండి. ఫోన్‌కి నెట్‌వర్క్ నుంచి టైం వస్తుంది. కెమెరా కొన్నాళ్ళు చార్జింగ్ లేకుండా పడి ఉంటే కొన్నిటిలో గడియారం మొదటికి వచ్చేస్తుంది. అప్పుడు పాప మొదటి మాట ఏ నెలలో పలికిందో వీడియోని అడిగితే తప్పు చెబుతుంది.

వారం చివర్లో లెక్క చూసుకునేటప్పుడు, ఏ వీడియో బాగుంది అన్నది పక్కన పెట్టండి. కెమెరాతో ఎన్ని తీశారు, ఆ వారంలోనే ఫోన్‌తో ఎన్ని తీశారు అన్నది చూడండి. కెమెరా ఇంట్లో ఉన్నా చెయ్యి ఫోన్ వైపే వెళ్ళిందంటే కొనకండి. ఒక కాలర్ మైక్, ఒక చిన్న ట్రైపాడ్, ఒక హార్డ్ డిస్క్ కొనుక్కుని ఫోన్‌తోనే కొనసాగించండి. మీవారి మాటా నెగ్గుతుంది. కెమెరాతో తీసినవే ఎక్కువుండి, అందులో రాత్రి వీడియోలు చూడబుద్ధేసేలా ఉంటే, గింబల్ రకమే కొనండి. కొత్త మోడల్ వస్తోందని ఆగకండి. పాప ఈ వయసు దాటిపోవడానికి కొత్త మోడల్ రావడం కంటే తక్కువ టైం పడుతుంది.

కెమెరా చేతికి రాగానే ఆడపడుచుగారి కార్డు తీసి ఆవిడకే ఇచ్చేసి, మీ కార్డు వేసుకోండి. ఫార్మాట్ చేసినంత మాత్రాన కార్డులోని వీడియోలు పూర్తిగా పోవు, ఎవరైనా తిరిగి తీయగలరు. పాప స్నానం వీడియో ఇంకొకరి కార్డులో ఉండిపోవడం ఎందుకు. తిరిగిచ్చే ముందు ఫోన్‌లో పెట్టుకున్న కెమెరా యాప్‌లోంచి దాని కనెక్షన్ కూడా తీసేయండి, లెన్స్ మీద పాప వేలిముద్రలు మెత్తటి బట్టతో తుడిచి మరీ ఇవ్వండి.